వెనక్కి విసిరిన బంతి

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే నేను అడిగే ప్రశ్న ఒక్కటే. అప్పుడు నీ పక్కన ఇంకెవరున్నారు? ఎవరూ ఉండరు. ఉన్నా నిద్రపోతూ ఉంటారు. అక్కడితో ఆ కథ మీద నాకు ఆసక్తి పోయేది.

నేను బీమా సర్వేయర్‌ని. కాలిపోయిందన్న గోదాముకు వెళ్లి, నిజంగా కాలిన సరుకెంత, కాలకముందే మాయమైన సరుకెంత అని తేల్చడం నా పని. ఈ పనిలో పడ్డవాడికి తెల్లనివన్నీ పాలు అని ఒక్కరోజు కూడా అనిపించదు. గుడిలో పూజారి కొట్టి ఇచ్చిన కొబ్బరిచిప్ప మనదో కాదో అని కూడా చూసుకుంటానని మా ఆవిడ విమల చుట్టాల్లో నవ్విస్తూ ఉంటుంది. అది నిజమే. ఒకసారి మనది కాదు కూడా.

కాబట్టి ఇప్పుడు రాయబోయేదాన్ని నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

హైదరాబాదు దగ్గరి ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీదే మా చిన్నమ్మ ఇల్లు. అమ్మకు సొంత చెల్లెలు, పేరు అండాలు. చిన్నాయన తొందరగా పోతే కూరగాయలమ్మి ఇద్దరు కొడుకులను పెంచింది. పెద్దవాడు శంకర్, చిన్నవాడు శ్రీశైలం.

శంకర్ రగ్బీ ఆడేవాడు. మా చుట్టాల్లో ఆ ఆట పేరు సరిగ్గా పలికేవాళ్లు కూడా లేరు. కబడ్డీ లాంటిదే, కాకపోతే మధ్యలో ఒక బంతి ఉంటుంది అని చెప్పుకునేవాళ్లం. ఆ బంతి గుండ్రంగా ఉండదు. చిన్నమ్మ దానికి దోసకాయ బంతి అని పేరు పెట్టింది. ఆటల కోటాలో ఉద్యోగం వస్తుందని అందరం ఎదురుచూస్తున్న రోజుల్లో తుర్కయాంజాల్ దగ్గర లారీ గుద్ది శంకర్ పోయాడు.

తండ్రి లేడు కాబట్టి తలకొరివి తమ్ముడే పెట్టాడు. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, నీళ్ల కుండను భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరగాలి. తిరుగుతుంటే పెద్దవాళ్లు కుండకు చిల్లులు పెడతారు. చివరికి చితికి వీపు పెట్టి నిలబడి, ఆ కుండను భుజం మీదుగా వెనక్కి వదిలేయాలి. అది పగలాలి. ఇక ఆ మనిషి ఏం జరిగినా వెనక్కి చూడకూడదు.

శ్రీశైలం చూశాడు.

వాణ్ణి నడిపించుకుపోవడానికి నేను వాడికి ఎదురుగా నిలబడి ఉన్నాను. కుండ వదిలి, ఒక్క క్షణం ఆగి, మెడ తిప్పి చూశాడు. నాకు వాడి ముఖం కనిపించింది కానీ వాడి వెనక ఏముందో జనం అడ్డం ఉండి కనిపించలేదు. పెద్దవాళ్లు తిట్టారు. ఎవరో కర్రతో కొడితే కుండ పగిలిన చప్పుడు వినిపించింది. చిన్నపిల్లవాడు, అన్న పోయిన దుఃఖంలో చూసి ఉంటాడు, అయితే ఏమిటి అనుకున్నాను.

చుట్టాలు అలా అనుకోలేదు. బోరు ఎండిపోతే ఆ చూపు వల్లే అన్నారు. చిన్నమ్మకు మోకాళ్లు పట్టేస్తే ఆ చూపు వల్లే అన్నారు. శ్రీశైలానికి రెండు సంబంధాలు తప్పిపోతే ఇక చెప్పనక్కర్లేదు. వాడు మాట్లాడటం తగ్గించేశాడు. తల్లితో మరీ తగ్గించాడు. ఆమె ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. అయినా ఆమె ముందు కూర్చుంటే వాడికి ఆ మాట వినపడేదనుకుంటాను.

కొన్నేళ్లు గడిచాయి. కొంగరకలాన్‌లో కలెక్టరేటు వచ్చింది, ఫ్యాక్టరీ వచ్చింది, చేన్లన్నీ ప్లాట్లయ్యాయి. రోడ్డు పక్కన మేక కట్టేసేంత జాగా ఉన్నవాడు కూడా కాలు మీద కాలు వేసుకుని కూర్చునే రోజులొచ్చాయి. శ్రీశైలం కూడా ప్లాట్లు చూపించే పనిలో దిగాడు. వాడికి పెళ్లయింది, ఇల్లు చిన్నదయింది. రోడ్డు వైపున్న ముందు గదిని ఎవరికైనా దుకాణానికి ఇవ్వాలని వాడి ఆలోచన.

అప్పటికే చిన్నమ్మ ఆ గదిని ఇంకొకరికి ఇచ్చేసింది. అదీ ఊరికే.

తీసుకున్నాయన రామరాజు మాస్టారు. గోదావరి జిల్లా మనిషి, ఎప్పుడో హైదరాబాదు వచ్చి స్థిరపడి వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరయ్యారు. శంకర్‌కు ఆట నేర్పింది తానేనని చెప్పారట. జీవితమంతా పోగుచేసిన రగ్బీ సామాను తుర్కయాంజాల్‌లోని ఆయన ఫ్లాటులో పట్టక, ఎక్కడైనా నలుగురూ చూసేలా పెట్టాలని తిరుగుతుంటే చిన్నమ్మ గది తాళం చేతిలో పెట్టింది. ఆయన గుమ్మం మీద బోర్డు కట్టారు. రగ్బీ ఆట చరిత్ర ప్రదర్శనశాల. ప్రవేశం ఉచితం.

ఒకరోజు శ్రీశైలం నాకు ఫోన్ చేశాడు. అమ్మ రోజూ మధ్యాహ్నం ఆ గదిలోకి పోయి తలుపు వేసుకుంటోందట, బయటికి వచ్చాక ముఖం వెలిగిపోతోందట. గది ఖాళీ చేయిద్దామంటే, ఆ గదితో పాటు తానూ ఖాళీ చేస్తానంటోందట. ఆ సారు ఏదో మాయ చేసి గదిని ట్రస్టు పేరున రాయించుకుంటాడని వాడి భయం. దొంగలను పట్టడం నీ పనే కదా, ఒకసారి వచ్చి చూడమన్నాడు.

నాకు వాడి భయం సబబుగానే తోచింది. భూమి ధర పెరిగిన చోట గుడి మొలుస్తుంది, ట్రస్టు మొలుస్తుంది, విగ్రహం మొలుస్తుంది. రగ్బీ మ్యూజియం మొలవడం మాత్రం కొత్త. పైగా రూపాయి కూడా తీసుకోవడం లేదు. డబ్బులడిగే మోసగాడికంటే అడగని మోసగాడితోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నా అనుభవం.

చిన్నమ్మను చూడటానికి వచ్చినట్టే వచ్చి, పనిలో పనిగా మ్యూజియం చూస్తానన్నాను. మాస్టారు ఎంతో సంబరంగా లోపలికి తీసుకుపోయారు. పొడవాటి గది, కింద షాబాదు బండలు. ముందు రోడ్డు వైపు తలుపు, వెనక గోడకు ఒక చిన్న కిటికీ, దానికి దగ్గర దగ్గరగా ఇనుప చువ్వలు. ఇంకో దారి లేదు. నేను ముందు చూసింది అవే.

ఒక గోడ నిండా ఫొటోలు. బొల్లారం, తిరుమలగిరి వైపు మైదానాల్లో ఆడిన సైనికులట, ముఖాల నిండా బురద. ఇంకో గోడకు పాత జెర్సీలు, మేకులూడిన బూట్లు, ఆడేటప్పుడు పళ్లకు పెట్టుకునే రబ్బరు తొడుగులు. ప్లాస్టిక్ పైపులతో చేసిన గోల్‌పోస్టు నమూనా. అద్దాల పెట్టెలో తోలు తాళ్లతో కుట్టిన ఒక ముసలి బంతి. మొదట్లో పంది మూత్రాశయాన్ని ఊది పైన తోలు కుట్టేవారని, బంతికి ఆ ఆకారం అందుకే వచ్చిందని మాస్టారు చెప్పారు. ఈ సంగతి విన్నాక చిన్నమ్మ ఆ పెట్టె ముట్టుకోవడం మానేసిందట. కానీ దసరాకు ఆయుధ పూజ నాడు దూరం నుంచే ఒక పువ్వు వేస్తుందట. వచ్చినవాళ్లు విసరడానికి పెట్టిన కొత్త బంతికి మాత్రం పసుపు, కుంకుమ పెడుతుంది. ఆ మరక దాని మీద అలాగే ఉంది.

మాస్టారు ఇంకో కథ కూడా చెప్పారు. కలకత్తాలో తెల్లదొరల క్లబ్బు ఒకటి మూసేస్తూ, మిగిలిన వెండి రూపాయలను కరిగించి కప్పు చేయించిందట. పట్టుకునే చెవులు నాగుపాములట, మూత మీద ఏనుగట. ఇప్పటికీ ఇంగ్లండు, స్కాట్లండు జట్లు దానికోసం కొట్టుకుంటాయట. దొరికాడు అనుకున్నాను. ఇంటికి వెళ్లి ఫోన్‌లో వెతికితే అంతా నిజమే. నాకు కాస్త చిరాకేసింది.

చూడటం అయ్యాక ప్రతి సందర్శకుడూ చేయాల్సిన పని ఒకటుంది. తలుపుకు ఒక అడుగు ఇవతల నేల మీద తెల్ల రంగుతో ఒక గీత ఉంది. గదికి వీపు పెట్టి, తలుపు వైపు చూస్తూ ఆ గీత మీద నిలబడి, బంతిని భుజం పక్క నుంచి వెనక్కి విసరాలి.

"చేత్తో ముందుకి విసరకూడదండి ఈ ఆటలో. ఎప్పుడూ వెనక్కే. వెనకాల మనవాడున్నాడో లేడో చూసుకుని విసిరితే అదేం ఆటండి? ఉంటాడని నమ్మి విసరాలి" అన్నారు మాస్టారు.

టీవీలో చాలామంది చూసుకునే విసురుతారని, ఈ పని మీద వచ్చేముందు చూశానని చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. ఆ తర్వాత ఆయన నాకు ఏదీ మనస్ఫూర్తిగా చెప్పలేదు.

ఆ రోజే ఒక స్కూలు పిల్లలు వచ్చారు. ఒక్కొక్కరే విసిరారు. బంతి దబ్బుమని బండల మీద పడి, ఇష్టం వచ్చిన దిక్కుకు ఎగిరింది. వెనకున్నవాళ్లు దానికోసం ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఇందులో మాయేమీ లేదు.

పిల్లలు వెళ్లాక, మాస్టారు భోజనానికి పోయాక, చిన్నమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు వేసుకుంది. నేను బయట అరుగు మీద కూర్చున్నాను. సాగర్ రోడ్డు మీద బస్సులు, షేర్ ఆటోలు. మధ్యమధ్య రోడ్డు ఖాళీ అయినప్పుడు లోపల ఆమె గాజుల చప్పుడు వినిపించేది. చెయ్యి విసిరినప్పుడు వచ్చే చప్పుడు అది. బంతి పడిన చప్పుడు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

బయటికి వచ్చాక అడిగాను, లోపల బంతి విసరడం లేదా అని. విసిరానంది. మరి చప్పుడేది అన్నాను.

"వాడు కింద పడనిస్తడా?" అంది. అన్నం తిన్నావా అన్నంత మామూలుగా అంది.

అప్పుడు తెలిసింది. శంకర్ జట్టులో అందరికంటే వెనక నిలబడేవాడు. ఫుల్‌బ్యాక్ అంటారట. అవతలివాళ్లు ఆకాశంలోకి తన్నిన బంతి ఎక్కడ దిగినా అక్కడ ఉండటం, దాన్ని నేల తాకనివ్వకపోవడం వాడి పని. వాడి వెనక ఇంకెవరూ ఉండరు.

నాకు మాస్టారి మీద కోపం వచ్చింది. కొడుకు పోయిన తల్లికి ఇలాంటి మాట చెప్పి లొంగదీశాడనుకున్నాను. ఆయన్ని నిలదీశాను. ఆయన నాకంటే కోపంగా చూశారు. "నేనేం చెప్పలేదండి ఆవిడికి. ఆవిడ విసురుతారు, నేను తాళం ఇస్తాను, అంతే. నేను విసిరితే కింద పడుద్ది" అన్నారు. ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఉన్నది అసూయ అని నాకు అనిపించింది. అది కూడా నటనే కావచ్చని రాసిపెట్టుకున్నాను.

మర్నాడు మళ్లీ వెళ్లాను. చిన్నమ్మను, మాస్టారిని బయట ఉంచి నేనొక్కణ్ణే లోపలికి పోయి గడియ పెట్టాను. బండలన్నీ మడమతో తట్టి చూశాను. వెనక గోడ, పైకప్పు, జెర్సీల వెనక, అన్నీ చూశాను. వల లేదు, దారం లేదు, మెత్త లేదు. కిటికీ చువ్వల మధ్య నా పిడికిలే పట్టలేదు. గీత మీద నిలబడి ముందు నా తాళాల గుత్తి విసిరాను. గల్లుమంది. నీళ్ల సీసా విసిరాను. అదీ పడింది.

తర్వాత బంతి విసిరాను.

చప్పుడు రాలేదు. నేను వెంటనే తిరగలేదు. ఎందుకు తిరగలేదో తెలియదు. చప్పుడు కోసం చెవులు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాయి. తిరిగి చూస్తే బంతి వెనక గోడ వారన కదలకుండా ఉంది. ఆ బంతి ఎలా పడినా కాసేపు గంతులేస్తుంది, పిల్లలు విసిరినప్పుడు చూశాను కదా.

చిన్నమ్మనడిగి ముగ్గుపిండి తెచ్చాను. బండల మీద ముగ్గెందుకు బిడ్డా అంటే పనుందన్నాను. దొంగలు పడ్డారన్న గోదాముల్లో ఇలా పొడి చల్లి చూడటం నాకు అలవాటు. గది వెనక సగమంతా పలచగా, ఎక్కడా ఖాళీ లేకుండా చల్లాను. ఫోన్‌లో చప్పుడు రికార్డు చేయడానికి నొక్కి జేబులో పెట్టుకున్నాను. మళ్లీ గీత మీద నిలబడి విసిరాను. మళ్లీ ఏమీ వినిపించలేదు.

ఈసారి వెంటనే తిరిగాను. ముగ్గుపిండి మధ్యలో బంతి కొన మీద నిలబడి ఉంది. చుట్టూ పిండి చెదరలేదు. అడుగు లేదు, గీత లేదు. నేను చూస్తుండగానే మెల్లగా ఒరిగి పడింది. అప్పుడు లేచింది పిండి.

నాకు భయం వేసింది. ఇందులో దాచడానికేమీ లేదు. గడియ తీశాను. బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంటే చిన్నమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చింది. మెల్లగా లోపలికి పోయి పిండి ఊడ్చేసింది.

తర్వాత ఆ బంతిని బండ మీద నిలబెట్టాలని ఎన్నిసార్లు ప్రయత్నించానో. చెయ్యి తీయగానే పడిపోయేది. నేను చూస్తుండగా చిన్నమ్మను విసరమన్నాను. దబ్బున పడింది. వీడియో పెట్టి విసిరాను. దబ్బున పడింది. చూసేవాళ్లుంటే జరగదు. దొంగ బాబాలందరూ చెప్పే మాట ఇదే, అందుకే ఇది నాకు ఏమాత్రం నచ్చలేదు. ఫోన్‌లో రికార్డయిన చప్పుడు మాత్రం నా దగ్గర ఉంది. నా చొక్కా చెయ్యి రాసుకున్న చప్పుడు, నా ఊపిరి, ఆ తర్వాత దూరంగా ఒక బస్సు హారను. పెద్ద చప్పుళ్లను ఫోనే కోసేస్తుందని ఒక మిత్రుడు చెప్పాడు. మరి తర్వాత తాళాల గుత్తి విసిరి రికార్డు చేస్తే, అదే ఫోను ఆ చప్పుడు ఎందుకు కోయలేదంటే, ఏమో అన్నాడు. విమల చెవులు చూపించుకోమంది. చూపించుకున్నాను. బాగానే ఉన్నాయి.

శ్రీశైలానికి ఏం చెప్పాలి? మోసం దొరకలేదన్నాను. దొరకలేదా, అసలు మోసమే లేదా అని అడిగాడు. నేను అడగాల్సిన ప్రశ్న వాడు అడిగాడు. దొరకలేదనే చెప్పాను.

"నువ్వు గూడ గా సారు దిక్కే అయినవా అన్న? ఏమన్న ఇస్తనన్నడా నీకు?" అన్నాడు.

జీవితమంతా జనాన్ని నేను చూసిన చూపును వాడి గొంతులో విన్నాను. బాధగానే ఉంది. కానీ తప్పు పట్టలేకపోయాను.

నాలుగైదు రోజులకు వాడే తాళం కొనుక్కుని వచ్చాడు. కొత్త తాళం, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. మాస్టారు ఆ రోజు రాలేదు. ఎండ దిగుతున్న వేళ. నేను ముందే వచ్చి ఉన్నాను, గొడవవుతుందని చిన్నమ్మ కబురు పెడితే. శ్రీశైలం గుమ్మం బయటే నిలబడి, సామానంతా సారును రేపు తీసుకుపొమ్మని చెప్పమన్నాడు. గదిలో అడుగు పెట్టలేదు. ఆలోచిస్తే, మ్యూజియం పెట్టిన దగ్గర నుంచీ వాడు ఒక్కసారి కూడా ఆ గదిలోకి రాలేదు.

చిన్నమ్మ అడ్డం పడుతుందనుకున్నాను. పడలేదు. బంతి తీసుకొచ్చి వాడి ముందు పట్టుకుంది.

"ఒక్కసారి ఇసురు. ఇసిరినంక తాళమేస్కో. నేనేమన" అంది.

వాడు వద్దన్నాడు. పనుందన్నాడు. ఇవన్నీ పిచ్చి పనులన్నాడు. వాడి మెడ నిండా చెమట. ఆమె బంతి అలాగే పట్టుకుని నిలబడింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి అంతసేపు నిలబడటం చూడలేక కాబోలు, వాడు లోపలికి వచ్చాడు.

ముగ్గురం తలుపు వైపే తిరిగి నిలబడ్డాం. వాడు గీత మీద, వాడి పక్కన చిన్నమ్మ, ఆమె పక్కన నేను. ముందర తెరిచిన తలుపు, అవతల రోడ్డు. మా వెనక ఎవరూ లేరు, నేను రాగానే గది అంతా చూశాను. వాడు బంతిని భుజం మీదుగా వదిలాడు. విసరలేదు, వదిలాడు.

మేము ముగ్గురం విన్నాం. అంటే, ముగ్గురికీ ఏమీ వినిపించలేదు.

తిరిగి చూడాలని నాకు ఎంత ఆత్రంగా ఉందో చెప్పలేను. మెడ నరాలు లాగాయి. చిన్నమ్మ చూపు తిప్పకుండానే నా చెయ్యి పట్టుకుంది. ఇంకో చేత్తో శ్రీశైలం చెయ్యి పట్టుకున్నట్టుంది, గాజులు వినిపించాయి.

వాడు ఏడుస్తున్నాడు. చప్పుడు లేకుండా ఏడుస్తూ, రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"ఆ రోజు గూడ గిట్లనే అన్న. కుండ ఇడిసిన. సప్పుడు రాలే. పగల్లేదేమో అని సూసిన."

అది బూడిదలోనో ఇసుకలోనో పడి ఉంటుంది, అందుకే పగలలేదు అన్నాను.

"పడలే. నిలవడి ఉండె. ఎవలో పట్టుకొని కింద పెట్టినట్టు, మూతి పైకి. చిల్లులకెళ్లి నీళ్లు గూడ కారుతుండె."

పెద్దవాళ్లు గబగబా కర్రతో కొట్టింది ఆ కుండనే. నేను విన్న చప్పుడు అదే. వాళ్లలో ఒక్కరు కూడా ఆ సంగతి బయట అనలేదు. పిల్లవాడు వెనక్కి చూశాడన్నదే అందరూ అన్నారు.

"ఇన్నొద్దులు నాకెందుకు జెప్పలే?" అంది చిన్నమ్మ.

"ఎవలు నమ్ముతరే?"

"నేను నమ్మేదాన్ని గద, బిడ్డా."

తర్వాత మేము బయటికి నడిచాం. ఎవరమూ వెనక్కి చూడలేదు. శ్రీశైలం తలుపును వీపు వెనక నుంచే లాగి, అట్టపెట్టె చింపి, తడుముకుంటూ తాళం వేశాడు. మూసేయడానికి తెచ్చిన తాళమే అది. తాళంచెవులన్నీ జేబులో వేసుకున్నాడు. ఆ రాత్రి తల్లీ కొడుకులు ఒకే కంచంలో తిన్నారని మా మరదలు, శ్రీశైలం భార్య, తరువాత చెప్పింది.

పొద్దున్నే మాస్టారు వచ్చారు. శ్రీశైలమే తాళం తీశాడు, నేనూ ఉన్నాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. కిటికీ చువ్వలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పసుపు మరక ఉన్న బంతి మాత్రం గదిలో లేదు.

జెర్సీల వెనక వెతికాం, పెట్టెల కింద వెతికాం. చిన్నమ్మ వెతకలేదు. వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, వాడికి కావాల్సింది వాడు తీసుకుపోయాడులే అంది.

గది ఇప్పటికీ మ్యూజియమే. దుకాణం మాట శ్రీశైలం మళ్లీ ఎత్తలేదు. పొద్దున తలుపు తీసేది వాడే. మాస్టారు ఇంకో బంతి కొన్నారు. ఎవరు విసిరినా అది కింద పడుతుంది. చిన్నమ్మ విసిరినా పడుతుంది. ఆమె ఇప్పుడు విసరడం మానేసింది, బాధపడుతున్నట్టు మాత్రం లేదు.

కుండ మెత్తటి నేలలో పడి నిలబడి ఉండొచ్చు. ఫోను చప్పుడును కోసి ఉండొచ్చు. ముగ్గుపిండి సంగతి నా కళ్ల భ్రమ కావొచ్చు. శ్రీశైలం దగ్గరే కాకుండా ఆ తాళంచెవి ఇంకెవరి దగ్గరో కూడా ఉండొచ్చు. ఒక్కోదానికి ఒక్కో కారణం నేనే చెప్పగలను, అది నా వృత్తి. అన్నిటికీ కలిపి ఒక్క కారణం మాత్రం ఇన్నాళ్లయినా దొరకలేదు. కుండ సంగతి మాస్టారికి తెలిసే అవకాశమే లేదు, ఆయన ఆ రోజు చితి దగ్గరికి రాలేదు, ఆ ఇంటి గడప తొక్కింది ఎన్నో ఏళ్ల తర్వాత.

మాస్టారికి ఇప్పటికీ నా మీదే అనుమానం, ఆ బంతి నేనే తీశానని. వెళ్లినప్పుడల్లా నా సంచీ వైపు ఒకసారి చూస్తారు. నేనేమీ అనుకోను, తెరిచి చూపిస్తాను. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.